శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వృద్ధుల సంరక్షణ గృహం: నమోదు నుంచి తనిఖీ దాకా

"హోమ్ పెట్టాలనుకుంటున్నాం. లైసెన్సు ఎక్కడిస్తారు?" ఈ ప్రశ్న ఈ మధ్య తరచూ వస్తోంది. రిటైరైన నర్సులు అడుగుతున్నారు, టీచరు దంపతులు అడుగుతున్నారు. పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోయి, నరసన్నపేటలోనో రాజాంలోనో పెద్ద ఇల్లు ఖాళీగా ఉండిపోయినవాళ్లూ అడుగుతున్నారు.

లైసెన్సు అనే ఒక్క కాగితం లేదు. చిక్కంతా అక్కడే ఉంది. సంరక్షణ గృహాల నమోదును 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోనే చేర్చాలని 2019లో లోక్‌సభలో బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. అందుకని భవనానికి ఒక ఆఫీసు, వైద్యానికి ఒకటి, వంటకు ఒకటి, సంస్థకు ఒకటి. ఏ ఆఫీసుకు వెళ్లాలన్నది మీరు ఎవరిని చేర్చుకుంటారు, వాళ్లకు ఏం చేస్తామని మాటిస్తారు అన్నదాన్ని బట్టి తేలుతుంది. కాబట్టి పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

భోజనం, వసతితో పాటు స్నానం, బట్టలు, మందులు, నడక వంటివాటికి సాయం అందించే ఇల్లు పెట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నగరాల్లో దీన్ని అసిస్టెడ్ లివింగ్ అంటున్నారు. మన దగ్గర హోమ్ అనో వృద్ధాశ్రమం అనో అంటారు. గదులో ఫ్లాట్లో కట్టి పెద్దవాళ్లకు అమ్మే వ్యాపారమైతే అది వేరే దారి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా ముందు ఇళ్ల అమ్మకాలను నియంత్రించే ఏపీ రెరాలో నమోదు కావాలి. ఆ సంగతి ఇక్కడ చెప్పడం లేదు.

1. ముందు ఒక పేజీ రాయండి: ఎవరిని చేర్చుకుంటారు?

ఇల్లు చూడక ముందే, అడ్వాన్సు ఇవ్వక ముందే ఈ పేజీ సిద్ధం కావాలి. మీ దగ్గరకు వచ్చేవాళ్లు స్థూలంగా మూడు రకాలు.

మొదటి రకం వాళ్లు తమ పనులు తాము చేసుకోగలరు. వాళ్లకు కావలసింది వేళకు భోజనం, తోడు, రాత్రి పిలిస్తే పలికే మనిషి. ఇక్కడ వైద్య అనుమతుల గొడవ దాదాపు ఉండదు.

రెండో రకం వాళ్లకు చెయ్యి సాయం కావాలి. బాత్రూముకు తీసుకెళ్లాలి, బీపీ, షుగరు మాత్రలు గుర్తుచేసి ఇవ్వాలి. వైద్యశాఖ మాట ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఇన్సులిన్ సూది వేసిన రోజు నుంచే సూదుల చెత్త మీ బాధ్యత.

మూడో రకం వాళ్లు మంచం పట్టినవాళ్లు, ముక్కు గొట్టం లేదా యూరిన్ గొట్టం ఉన్నవాళ్లు, పుండ్లకు రోజూ డ్రెస్సింగ్ కావాల్సినవాళ్లు, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముదిరినవాళ్లు. వీళ్లను తీసుకుంటే మీరు నడిపేది చట్టం దృష్టిలో ఇల్లు మాత్రమే కాకుండా పోవచ్చు.

కొత్తగా పెట్టేవాళ్లు మొదటి రెండు రకాలతో మొదలుపెట్టి, కనీసం ఏడాది నడిచాక మూడో రకం గురించి ఆలోచించడం మంచిదని నా అభిప్రాయం. చేర్చుకున్నవాళ్లలో ఒకరు మంచం పడితే ఏం చేస్తారన్నది మాత్రం మొదటి రోజే రాసి ఉండాలి.

ఆ పేజీలో ఉండాల్సినవి:

- కనీస వయసు. 2007 చట్టం ప్రకారం 60 నిండినవారు వయోవృద్ధులు.
- మొత్తం ఎంతమంది, ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు
- నెలకు డబ్బు తీసుకుంటారా, ఉచితమా, రెండూనా
- ఎవరిని చేర్చుకోరు
- ఏ పరిస్థితిలో ఆసుపత్రికి పంపుతారు, ఏ పరిస్థితిలో తిరిగి తీసుకోరు

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు కరపత్రం ముందే అచ్చు వేయించడం. "24 గంటలూ డాక్టరు, ఐసీయూ సౌకర్యం, డిమెన్షియాకు ప్రత్యేక చికిత్స" అని ఫ్లెక్సీ కట్టేస్తారు. రేపు తనిఖీకి వచ్చినవాళ్లు మీ దరఖాస్తు కంటే ముందు గేటు మీది ఫ్లెక్సీ చదువుతారు. చేయగలిగిందే రాయండి, ఆ రాతనే దరఖాస్తులోనూ బోర్డు మీదా ఒప్పందంలోనూ ఒకేలా వాడండి.

2. సంస్థకు రూపం ఇవ్వండి

సేవగా నడిపేవాళ్లకు మూడు దారులు. సొసైటీ అయితే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాలి, కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ట్రస్టు అయితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ట్రస్టు డీడ్ రిజిస్టర్ చేయించాలి. మూడోది కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీ. లాభం కోసమే నడిపేవాళ్లు సొంత పేరు మీదనో, భాగస్వామ్యంగానో, ప్రైవేటు లిమిటెడ్‌గానో పెట్టుకోవచ్చు. అది తప్పేమీ కాదు. కానీ లాభం తీసుకుంటూ సొసైటీ ముసుగు వేయడం తర్వాత పన్నుల దగ్గర బయటపడుతుంది.

సొసైటీ పెట్టేవాళ్లు రెండు విషయాలు చూసుకోవాలి. ఏడుగురు సభ్యులూ ఒకే కుటుంబం వాళ్లయితే రేపు గ్రాంటుకు వెళ్లినప్పుడు అడ్డం వస్తుంది. లక్ష్యాల్లో "సంఘసేవ" అని రాసి ఊరుకుంటే చాలదు. వయోవృద్ధులకు వసతి, సంరక్షణ గృహం నడపడం అన్న మాట స్పష్టంగా ఉండాలి. ముందే ఉన్న సొసైటీ అయితే బైలాస్ (సొసైటీ నియమావళి) సవరించి, ఆ సవరణను రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయండి.

నమోదు వల్ల చాలామందికి తెలియని ఉపయోగం ఒకటుంది. కొడుకో కూతురో తండ్రిని దింపేసి డబ్బు మానేశారనుకోండి. 2007 చట్టం కింద ఆయన పోషణ ఖర్చు కోసం ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. స్వయంగా వెళ్లలేకపోతే ఆయన అధికారమిచ్చిన నమోదిత స్వచ్ఛంద సంస్థ ఆయన తరఫున దరఖాస్తు వేయవచ్చు. ఆర్డీఓ ట్రిబ్యునల్‌కు అధ్యక్షుడు. శ్రీకాకుళం జిల్లావాళ్లయితే శ్రీకాకుళం, టెక్కలి, పలాస, విజయనగరం జిల్లావాళ్లయితే విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి ఆర్డీఓ ఆఫీసుల్లో మీకు వర్తించేదానికి వెళ్లాలి. నమోదు లేని హోమ్‌కు ఈ తలుపు మూసే ఉంటుంది.

సంస్థ నమోదయ్యాక పాన్, దాని పేరు మీద బ్యాంకు ఖాతా. ఫీజులు మీ సొంత ఫోన్‌పే నంబరుకు వేయించుకోవద్దు.

3. ఇల్లు చూడ్డానికి టేపు పట్టుకెళ్లండి

డబ్బు ఎక్కువ పోయేదీ, తర్వాత సరిదిద్దుకోలేని తప్పులు జరిగేదీ ఇక్కడే. అడ్వాన్సు ఇచ్చాక కొలిస్తే ఏం లాభం?

వృద్ధాశ్రమాలకు కేంద్రం రూపొందించిన నమూనా నియమాల్లో రెండు కొలతలున్నాయి. పడకగదిలో లేదా హాల్లో మనిషికి 7.5 చదరపు మీటర్లు. వంటగది, భోజనాల గది, వైద్య గది వంటివి కలిపి, వరండాలు, నడవాలు తీసేసి చూస్తే మనిషికి 12 చదరపు మీటర్లు. నిరుపేద వృద్ధుల ఆశ్రమాల కోసం రాసినవే అయినా ప్రైవేటు హోమ్‌కూ ఇదే నమ్మకమైన కొలబద్ద.

అడుగుల్లో చెప్పుకుందాం. పడకల జాగా మొత్తం 1,000 చదరపు అడుగులు, అంటే సుమారు 93 చదరపు మీటర్లు. 7.5తో భాగిస్తే 12 మంచాలు పడతాయి. ఆ పన్నెండు మందికి మొత్తం జాగా 144 చదరపు మీటర్లు, అంటే దాదాపు 1,550 చదరపు అడుగులు ఉండాలి. ఇరవై మంచాలు ఇరికిస్తే గిట్టుబాటు అవుతుందని లెక్కలేసుకునేవాళ్లు ఈ లెక్క ముందు చేసుకోవాలి.

ఇక మెట్లు. మన వైపు పాత ఇళ్లకు పునాది ఎత్తు. వీల్‌చైర్ ర్యాంపుకు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. నేల నుంచి గడప దాకా రెండడుగుల ఎత్తుంటే ర్యాంపు 24 అడుగుల పొడవు రావాలి. మేస్త్రీని వదిలేస్తే స్కూటర్ ఎక్కించుకునే ర్యాంపు ఆరడుగుల్లో కట్టి చేతులు దులుపుకుంటాడు. దాని మీద వీల్‌చైర్ తోస్తే పెద్దాయన ముందుకు పడిపోతాడు. వాకిట్లో అంత జాగా లేకపోతే మలుపు తిప్పి కట్టాలి, మలుపు దగ్గర చదునైన జాగా వదలాలి, రెండు వైపులా పట్టుకునే కడ్డీలు పెట్టాలి.

తలుపులు చూడండి. వీల్‌చైర్ తేలిగ్గా పోవాలంటే తలుపు తెరిచాక 900 మిల్లీమీటర్లు, అంటే సుమారు మూడడుగుల సందు ఉండాలి. మామూలు ఇళ్లలో బాత్రూము తలుపు రెండున్నర అడుగులే. పైగా లోపలికి తెరుచుకుంటుంది. లోపల ఎవరైనా పడిపోతే ఆ మనిషే తలుపుకు అడ్డం అయిపోతారు. బాత్రూము తలుపులన్నీ బయటికి తెరుచుకునేలా, గడియ బయటి నుంచి కూడా తీయగలిగేలా మార్పించండి.

ఇల్లు చూసినప్పుడు టిక్ పెట్టుకోవాల్సినవి:

- ఆడవాళ్లకు, మగవాళ్లకు విడి గదులు, విడి బాత్రూములు
- కమోడ్, పక్కన గోడకు గట్టి కడ్డీ, తడిసినా జారని టైల్స్
- రాత్రి మంచం నుంచి బాత్రూము దాకా వెలిగే చిన్న లైటు
- ఎవరికైనా జబ్బు చేస్తే పడుకోబెట్టడానికి విడిగా ఒక గది
- అంబులెన్సు గేటు దాకా వచ్చే దారి
- వానాకాలంలో వాకిట్లో నీళ్లు నిలుస్తాయేమో పక్కింటివాళ్లను అడగడం
- తాగునీటి పరీక్ష

మన తీరంలో ఇంకొకటి తప్పనిసరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కాబట్టి ఇన్వర్టర్ ఒక్కటే చాలదు. జనరేటరు, దానికి డీజిలు, మోటారు లేకున్నా సరిపడే నీటి ట్యాంకు ఉండాలి. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ వాడేవాళ్లుంటే నిండు సిలిండరు కూడా ఉంచుకోవాలి. రేకుల షెడ్డులో మంచాలు వేయొద్దు.

సోంపేట, కవిటి, పలాస వైపు పెట్టేవాళ్లు కిడ్నీ జబ్బులను ముందే లెక్కలో వేసుకోవాలి. డయాలసిస్‌కు వెళ్లేవాళ్లను చేర్చుకుంటే వారానికి రెండు మూడుసార్లు వాహనం, తోడు మనిషి కావాలి. ఆ ఖర్చు ఫీజులో కలిపారా, విడిగా తీసుకుంటారా అన్నది ముందే తేల్చండి.

4. భవనం కాగితాలు

మీరు అద్దెకు తీసుకునేది నివాసంగా ప్లాన్ పొందిన ఇల్లు. అందులో డబ్బు తీసుకుని పదిమందిని ఉంచితే వినియోగం మారినట్టే. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016లో వృద్ధుల గృహాలు సంస్థాగత భవనాల కింద, సీ-2 అనే ఉపవిభాగంలో ఉన్నాయి. కాబట్టి నగరపాలక సంస్థ లేదా పురపాలక సంఘం పరిధిలో అయితే టౌన్ ప్లానింగ్ విభాగాన్ని, గ్రామమైతే పంచాయతీని రాతపూర్వకంగా అడగండి. పంచాయతీ పరిధిలో ఉన్నా ఆ ఊరు పట్టణాభివృద్ధి సంస్థ కింద ఉందేమో కూడా కనుక్కోండి. అక్కడి అనుమతి లేకుండా కేవలం సర్పంచ్ సంతకం పట్టుకొచ్చేవాళ్లు తర్వాత ఇబ్బంది పడతారు.

అగ్నిమాపక శాఖ దగ్గర "మాది చిన్న ఇల్లే, ఎన్ఓసీ అక్కర్లేదట" అన్న మాట మీద ఆగిపోవద్దు. ప్లాన్, అంతస్తులు, మంచాల సంఖ్య రాసి జిల్లా అగ్నిమాపక అధికారికి దరఖాస్తు ఇవ్వండి. ఎన్ఓసీ ఇస్తే మంచిది. అవసరం లేదంటే ఆ మాటే కాగితం మీద తీసుకోండి. అదెలా ఉన్నా మంటలార్పే సిలిండర్లు, పొగ అలారం, రెండో దారి ఉండాలి. కిటికీలకు కదలని గ్రిల్స్, వెనక తలుపుకు తాళం ఉన్న ఇంట్లో మంచం దిగలేని మనుషులను ఉంచడం నాకు ఊహించుకోవడానికే భయం.

అద్దె ఒప్పందం పదకొండు నెలలకు రాయించుకోవడం మన దగ్గర అలవాటు. హోమ్‌కు అది పనికిరాదు. ఇంటాయన ఖాళీ చేయమంటే పన్నెండు మంది పెద్దవాళ్లను ఎక్కడికి తరలిస్తారు? కనీసం మూడేళ్లకు రాయించండి. ఏడాది దాటిన లీజు తప్పనిసరిగా రిజిస్టర్ కావాలి. అందులో మూడు మాటలు ఉండేలా చూడండి: వృద్ధుల గృహం నడపడానికి యజమాని సమ్మతి, ర్యాంపు, బాత్రూము మార్పులకు అనుమతి, శాఖల అనుమతులు రాకపోతే అడ్వాన్సు వెనక్కి.

కరెంటు మీటరు ఇంటి కేటగిరీలో ఉంటే ఈపీడీసీఎల్‌కు అసలు వాడకం చెప్పి మార్పించుకోండి. తర్వాత తనిఖీలో పట్టుకుంటే పాత బకాయిలతో సహా కట్టాల్సి వస్తుంది.

5. జిల్లా సంక్షేమ శాఖలో దరఖాస్తు

వయోవృద్ధుల విషయాలు చూసేది విభిన్న ప్రతిభావంతులు, ట్రాన్స్‌జెండర్, వయోవృద్ధుల సంక్షేమ శాఖ. జిల్లాలో సహాయ సంచాలకులు ఉంటారు. 2007 చట్టం కింద రాష్ట్రం 2011లో నియమాలు తెచ్చింది. ఇల్లు ఖరారు చేసే ముందే ఒకసారి ఈ ఆఫీసుకు వెళ్లి మీ ఒక పేజీ కాగితం చూపించి మాట్లాడండి. దరఖాస్తు నమూనా, జత చేయాల్సినవాటి జాబితా అక్కడే తీసుకోండి. ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత ఫారం నింపొద్దు.

ఫైలు ఈ వరుసలో పేర్చుకుంటే చూసేవాళ్లకు తేలిక:

- కవరింగ్ లెటరు, ఆ తర్వాత మీ ఒక పేజీ వివరం
- సంస్థ నమోదు పత్రం, బైలాస్ లేదా డీడ్, కార్యవర్గం జాబితా
- పాన్, బ్యాంకు ఖాతా వివరాలు
- లీజు లేదా సొంత ఇంటి పత్రం, గదుల కొలతలతో ప్లాన్
- టౌన్ ప్లానింగ్ లేదా పంచాయతీ కాగితం, అగ్నిమాపక శాఖ కాగితం
- సిబ్బంది జాబితా, వాళ్ల చదువు, పోలీస్ వెరిఫికేషన్
- ఫీజుల పట్టిక, చేరిక ఒప్పందం నమూనా
- దగ్గరి ఆసుపత్రి, పిలిస్తే వచ్చే డాక్టరు సమ్మతి పత్రం
- ఫొటోలు: ర్యాంపు, బాత్రూము, వంటగది, పడకలు

పేరు అన్ని కాగితాల్లో ఒకేలా ఉండాలి. సొసైటీ పత్రంలో ఒక పేరు, పాన్‌లో పొట్టి పేరు, బోర్డు మీద ఇంకో పేరు ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. దరఖాస్తు ఎవరి చేతికో ఇచ్చి రాకండి. ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి. కదలకపోతే ఆ నంబరుతో కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టుకోవచ్చు. నంబరు లేకపోతే మీరు దరఖాస్తు చేశారనడానికి ఆధారమే ఉండదు.

6. వైద్యం వైపు ఏవి అవసరం?

మాత్రలు గుర్తుచేసి ఇవ్వడం, బీపీ చూడడం ఇంట్లో వాళ్లు చేసే పనే. హోమ్‌లోనే క్లినిక్ నడిపితే, నర్సింగ్ పడకలు పెడితే, ఫిజియోథెరపీ కేంద్రం అని బోర్డు కడితే ప్రైవేటు వైద్య సంస్థల నమోదుకు 2002లో వచ్చిన రాష్ట్ర చట్టం ముందుకొస్తుంది. అందుకు వెళ్లాల్సింది జిల్లా వైద్య, ఆరోగ్యశాఖ అధికారి ఆఫీసుకు.

డిమెన్షియా విషయంలో చాలామంది పొరబడతారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం, మానసిక వ్యాధి ఉన్నవాళ్లను చేర్చుకుని ఉంచి సంరక్షించే ప్రతి సంస్థా రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు కావాలి. ఆ చట్టం మానసిక వ్యాధికి చెప్పిన నిర్వచనంలో జ్ఞాపకశక్తి దెబ్బతినడం, దిక్కు తెలియకపోవడం కూడా ఉన్నాయి. వయసుతో వచ్చే మామూలు మరుపు ఇందులోకి రాదు. డాక్టరు డిమెన్షియా అని రాసిచ్చినవాళ్లను ప్రత్యేకంగా తీసుకుంటామని ప్రకటిస్తే మాత్రం ముందు ప్రాధికార సంస్థకు ఉత్తరం రాసి జవాబు తీసుకోవాలి. నమోదు లేకుండా నడిపితే మొదటిసారి జరిమానా 5,000 నుంచి 50,000 రూపాయల దాకా, రెండోసారి 2 లక్షల దాకా, ఆపైన 5 లక్షల దాకా ఉంటుంది.

అలాగే దివ్యాంగుల కోసం ప్రత్యేకంగా నడిపే సంస్థకు దివ్యాంగుల హక్కుల చట్టం 2016 కింద విడి నమోదు కావాలి. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన మీ దగ్గర ఉన్నంత మాత్రాన అది వర్తించదు. బోర్డు మీద "దివ్యాంగుల గృహం" అని రాస్తే వర్తిస్తుంది.

సూదులు, గొట్టాలు, చీము గుడ్డలు వచ్చే హోమ్ అయితే బయోమెడికల్ వ్యర్థాల నియమాలు 2016 చూసుకోవాలి. కాలుష్య నియంత్రణ మండలి నుంచి అధికార పత్రం, వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం కావాలి. చీము, రక్తం అంటిన గుడ్డలు పసుపు సంచిలో, యూరిన్ గొట్టాల్లాంటి ప్లాస్టిక్ ఎరుపులో, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలంలో వేయాలి. ఆయాలకు ఇది గోడ మీద బొమ్మలతో చూపించండి. మున్సిపాలిటీ బండిలో సూదులు కలిపేసే హోమ్‌ల మీద నాకు ఏమాత్రం సానుభూతి లేదు. ఆ చెత్త చేత్తో ఏరేది ఇంకో మనిషి.

7. వంట, సిబ్బంది

వంటగదికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నమోదు ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు, టర్నోవరు పెరిగితే లైసెన్సు. క్యాటరింగ్ వాళ్ల నుంచి తెప్పించుకుంటే వాళ్ల నంబరు మీ ఫైలులో పెట్టండి. దుకాణాలు, సంస్థల చట్టం 1988 కింద నమోదు విషయం కార్మిక శాఖలో తేల్చుకోండి. పదిమంది సిబ్బంది అయితే ఈఎస్ఐ, ఇరవై అయితే పీఎఫ్ చూసుకోవాలి. పదిమంది ఉంటే లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ కూడా ఉండాలి.

రాత్రి డ్యూటీలో ఒక్క మనిషినే పెట్టడం ఇక్కడ ఎక్కువగా కనిపించే లోపం. ఒక మామ్మను బాత్రూముకు తీసుకెళ్లేటప్పుడు ఇంకో తాత మంచం దిగితే చూసేవాళ్లుండరు. పడిపోవడాలు ఎక్కువగా జరిగేది అలాంటి వేళల్లోనే. ఇద్దరు లేకుండా రాత్రి నడపొద్దు.

8. డబ్బు, పన్నులు, పింఛన్లు

ఆదాయపు పన్ను శాఖ దగ్గర దాతృత్వ సంస్థగా నమోదైన హోమ్, 60 ఏళ్లు నిండినవారి నుంచి భోజనం, వసతి, నిర్వహణ అన్నీ కలిపి ఒక్కొక్కరికి నెలకు 25,000 రూపాయల దాకా తీసుకుంటే దాని మీద జీఎస్టీ ఉండదు. అందుకే సొసైటీ పెట్టగానే అందరూ 12ఏ అని పిలిచే ఆ నమోదుకు దరఖాస్తు చేయాలి. ప్రైవేటు లిమిటెడ్‌కు ఈ మినహాయింపు లేదు. పన్నెండు మంది, తలా నెలకు 15,000 అనుకుంటే ఏడాదికి 21.6 లక్షలు. సేవలకు జీఎస్టీ నమోదు పరిమితి 20 లక్షలు. అంటే చిన్న హోమ్ కూడా పరిమితి దాటుతుంది.

"అమెరికాలో ఉన్న తమ్ముడు పంపుతాడు" అనేవాళ్లు ముందు తమ్ముడి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగాలి. భారత పౌరుడిగానే ఉండి సొంత సంపాదన పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదు లేదా ముందస్తు అనుమతి కావాలి. నమోదుకు సంస్థ మూడేళ్లుగా పనిచేస్తూ, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు సేవ మీద ఖర్చు పెట్టి ఉండాలి. తెలియక మామూలు ఖాతాలో వేయించుకున్నా తప్పు తప్పే.

కేంద్రం గ్రాంటు ఆశించేవాళ్లు స్వచ్ఛంద సంస్థల కేంద్ర పోర్టల్ ఎన్జీఓ దర్పణ్‌లో నమోదై ఉండాలి. వయోవృద్ధుల గృహాలకు ఇచ్చే పథకం 25 మంది నుంచి మొదలవుతుంది. మొదటి ఏడాది బడ్జెట్‌లో గ్రాంటును ఆదాయంగా రాసుకోవద్దు.

నెలకు 4,000 రూపాయల ఎన్టీఆర్ భరోసా పింఛను లబ్ధిదారు ఇంటి దగ్గరే ఇస్తారు. మీ దగ్గరకు మారిన పెద్దవాళ్లకు సచివాలయంలో పింఛను బదిలీ పెట్టించండి. ఏటీఎం కార్డు, పాస్‌బుక్కు, పింఛను డబ్బు హోమ్ దగ్గర ఉంచుకోవద్దు. ఉంచక తప్పకపోతే ప్రతి రూపాయికీ వాళ్ల సంతకం లేదా వేలిముద్ర, ఇంకో సాక్షి ఉండాలి. ఉంటున్నవాళ్ల నుంచి మీ పేరుకో సంస్థ పేరుకో వీలునామాలు, దానపత్రాలు రాయించుకోవద్దు. చూసుకుంటామన్న షరతుతో రాయించుకున్న ఆస్తిని, చూసుకోకపోతే 2007 చట్టం సెక్షన్ 23 కింద ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. ఆ గొడవలో చిక్కుకున్న హోమ్ పేరు ఊళ్లో మళ్లీ నిలబడదు.

9. చేరిక ఒప్పందం, రిజిస్టర్లు

ఒప్పందం తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. సంతకం చేయాల్సింది కొడుకు ఒక్కడే కాదు, చేరుతున్న పెద్దమనిషి కూడా. ఆ మనిషికి ఇష్టం లేకుండా కొడుకు దింపేసి వెళ్తుంటే చేర్చుకోకండి. గది తలుపుకు బయట గడియ పెట్టి ఉంచితే దాన్ని సంరక్షణ అనరు, నిర్బంధం అంటారు.

ఒప్పందంలో ఇవి రాసుకోండి: నెల ఫీజు, అందులో ఏవి కలిశాయి, డైపర్లు, మందులు ఎవరివి, డిపాజిట్ ఎన్ని రోజుల్లో వెనక్కి, ఆసుపత్రి ఖర్చు ఎవరిది, రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తే ఇద్దరి నంబర్లు, ఆరోగ్యం పాడైతే వేరే చోటికి మార్చే పద్ధతి, మరణం సంభవిస్తే ఎవరికి చెప్పాలి, పిల్లలు వచ్చేదాకా ఎక్కడ ఉంచాలి. చివరి విషయం అడగడానికి మొహమాటపడతారు. విదేశాల్లో పిల్లలున్నప్పుడు అది అడగకపోతే ఆ రోజు పడే టెన్షన్ ఇంకెక్కడా ఉండదు.

రిజిస్టర్లు ఐదు చాలు: చేరికలు, రోజువారీ మందులు, పడిపోవడాలు వగైరా ఘటనలు, సందర్శకులు, ఫిర్యాదులు. మందుల రిజిస్టర్‌లో ఇచ్చిన వెంటనే టిక్ పడాలి, రాత్రి కూర్చుని ఒకేసారి నింపకూడదు.

10. తనిఖీ రోజు

వచ్చినవాళ్లు ముందుగా మంచాలు లెక్కపెడతారు, దరఖాస్తులో రాసిన సంఖ్యతో పోలుస్తారు. తర్వాత బాత్రూము, వంటగది, మందుల బీరువా. ఆ తర్వాత పెద్దవాళ్లతో మాట్లాడతారు. అప్పుడు మీరు పక్కన నిలబడకండి.

ముందు రోజు చూసుకోవాల్సినవి:

- మంటలార్పే సిలిండర్ల గడువు తేదీ, జనరేటరు ఒకసారి వేసి చూడడం
- గోడ మీద 108, ఎల్డర్ లైన్ 14567, డాక్టరు నంబరు
- గడువు తీరిన మందులు తీసేయడం
- ఒరిజినల్ కాగితాలు ఒకే ఫైలులో
- ఫీజుల పట్టిక, ఫిర్యాదుల పెట్టె కనిపించే చోట

లోపం చెప్పితే వాదించకండి. ఏది, ఎన్ని రోజుల్లో సరిచేస్తారో అప్పటికప్పుడు రాసివ్వండి. చేశాక ఫొటోతో ఉత్తరం పెట్టి మళ్లీ ముద్ర వేయించుకోండి.

11. నమోదయ్యాక

సొసైటీ అయితే ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. ఆడిట్, ఆదాయపు పన్ను రిటర్ను ఆపొద్దు. అనుమతులన్నిటి గడువు తేదీలు ఒక చార్టు మీద రాసి ఆఫీసు గోడకు అతికించండి, ఒక్కోదానికి రెండు నెలల ముందు తేదీకి ఎర్ర గుర్తు పెట్టండి.

మంచాలు పెంచినా, ఇల్లు మారినా, మూడో రకం వాళ్లను తీసుకోవడం మొదలుపెట్టినా పాత కాగితాలు సరిపోవు. మళ్లీ ఒకటో మెట్టు నుంచి చూసుకుని, ఏ ఆఫీసుకు ఏం తెలియజేయాలో తేల్చుకోండి.

హోమ్‌లో ఎవరైనా చనిపోతే 21 రోజుల్లోగా జనన మరణాల రిజిస్ట్రార్‌కు తెలియజేయాలి. వసతి గృహాల్లో ఆ బాధ్యత నిర్వహించేవాళ్లదే, పిల్లల మీద వదిలేయకండి. పింఛను ఉంటే సచివాలయంలో అదే రోజు చెప్పండి. వాళ్ల సామాను, డబ్బు జాబితా రాసి, ఇద్దరు సాక్షుల ముందు వారసులకు అప్పగించి రసీదు ఫైలులో పెట్టుకోండి.